ఎక్కని విమానమే అసలు ఆదా

వర్చువల్ లోకాల్లో సభలు పెడితే భూమికి మేలు జరుగుతుందా? గురువారం కల్లా ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. త్రీడీ హాళ్ల ఫొటోలు, రంగురంగుల అవతార్లు బోలెడు దొరికాయి. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం 2020లో ‘నేచర్’ పత్రిక అచ్చేసిన ఓ లెక్క.

2019 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ సభ జరిగింది. భూమి వేడెక్కుతోందని కొలిచి చెప్పే శాస్త్రవేత్తలు ఏటా కలుసుకునే చోటది. ఆ లెక్క వేసిన మిలన్ క్లోవర్ బృందం సభికుల ప్రయాణాలన్నీ కూడింది. వచ్చినవాళ్లు 28 వేల మంది. రానూపోనూ తిరిగిన దూరం 28.5 కోట్ల కిలోమీటర్లు. అంటే సూర్యుడి దాకా వెళ్లి, దాదాపు వెనక్కి వచ్చేసినంత! గాల్లో కలిసిన కార్బన్ సుమారు 80 వేల టన్నులు, తలకు దాదాపు మూడు టన్నులు. మన దేశంలో సగటు మనిషి వాటా ఏడాది మొత్తానికి రెండు టన్నుల దరిదాపుల్లోనే ఉంటుంది. అక్కడ ఒక్క సభకే అంతకు మించి ఖర్చయిపోయింది.

పరిష్కారమూ ఆ లెక్కలోనే ఉంది. వేదికను షికాగోకి మారిస్తే తగ్గేది 12 శాతమే. దానికి తోడు సభను రెండేళ్లకోసారి జరిపి, దూరాభారం పడి వచ్చేవాళ్లను ఆన్‌లైన్‌లో కూర్చోబెడితే తగ్గుదల 90 శాతం దాటుతుంది. 2021లో కార్నెల్ వర్సిటీ పరిశోధకులూ ఇదే దారిలో లెక్క కట్టారు: సభ పూర్తిగా ఆన్‌లైన్‌కు మారితే కార్బన్ 94 శాతం తగ్గుతుంది. నేరుగా కలుసుకునే కేంద్రాలను చూసుకుని ఎంచుకుంటే, సగం మంది వాటికి వచ్చినా మూడింట రెండొంతులు తగ్గుతుంది.

వర్చువల్ లోకాల్లో కలుసుకోవడం నిన్నమొన్నటి ప్రయత్నమేమీ కాదు. 2003లో ‘సెకండ్ లైఫ్’ అనే వర్చువల్ లోకం మొదలైంది, 2008లో ఐబీఎం అందులో సమావేశం పెట్టింది, 2020లో కరోనా వేళ వర్చువల్ రియాలిటీ పరిశోధకుల ‘ఐఈఈఈ వీఆర్’ సదస్సు ‘మొజిల్లా హబ్స్’ అనే త్రీడీ వేదికలోకి మారింది, ఆ హబ్స్ సేవను మొజిల్లా 2024లో మూసేసింది.

హబ్స్‌లో నాకు నచ్చిన సంగతొకటుంది. అవతార్‌ను దగ్గరికి జరిపితే ఎదుటివాళ్ల మాట గట్టిగా, దూరం జరిపితే సన్నగా వినిపించేది. సభల్లో అసలు పని జరిగేది టీ బల్ల దగ్గరే కదా! వీడియో కాల్‌లో దొరకని ఆ పిచ్చాపాటీ అక్కడ కొంతైనా దొరికేది.

కరెంటు మాటేమిటి?
• సెకండ్ లైఫ్‌లో ఒక్కో అవతార్ ఏడాదికి 1,752 యూనిట్లు, అంటే సగటు బ్రెజిల్ పౌరుడు వాడేంత కరెంటు తింటోందని 2006లో టెక్నాలజీ రచయిత నికొలస్ కార్ అంచనా వేశారు.
• వీడియో కాల్‌లో కెమెరా ఆపేస్తే కార్బన్ భారం 96 శాతం దాకా తగ్గుతుందని 2021 నాటి ఓ అధ్యయనం తేల్చింది.

నా అనుమానమల్లా ఒక్కటే. మామూలు సభ మామూలుగానే జరిపి, పక్కన ఓ మెటావర్స్ హాలు తెరిచి, ‘మాది పచ్చని సభ’ అని బోర్డు కడితే పైసా మేలు లేదు. విమానాలూ ఎగురుతాయి, సర్వర్లూ తిరుగుతాయి.

అమెరికాలో జరిగే తానా, ఆటా వంటి తెలుగు సంఘాల సభలకైనా, హైదరాబాద్‌లో జరిగే అంతర్జాతీయ సదస్సులకైనా నిర్వాహకులకు ఒక్క మనవి. ఈసారి ఆహ్వానపత్రం మీద అతిథుల పేర్ల కింద ఇంకో వరుస చేర్చండి: ఎంతమంది విమానం ఎక్కకుండా పాల్గొంటున్నారో అందులో రాయండి.