శివలింగ్ శిఖరం ఒకప్పుడు కరిగిన రాయి

హిమాలయాల్లో గంగ పుట్టే గోముఖ్ దాకా నడిచిన యాత్రికులు తలెత్తి చూసే శివలింగ్ శిఖరం ఎత్తు 6,543 మీటర్లు. అదంతా తెల్ల గ్రానైటు. గ్రానైటంటే ఒకప్పుడు కరిగి, భూమి లోపలే నెమ్మదిగా గట్టిపడిన రాయి. మరి చుట్టుపక్కల అగ్నిపర్వతమే లేదు కదా, ఆ రాయిని కరిగించిందేమిటి?

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం ఆసియాను ఢీకొని దాని కిందికి దూరింది. మామూలుగా 35-40 కిలోమీటర్ల మందముండే భూమి పైపొర అక్కడ 70 కిలోమీటర్ల దాకా పేరుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినట్టన్నమాట. దుప్పటి వేడి పుట్టించదు కదా అంటారేమో, నిజమే. వేడి రాళ్లలోనే ఉంది. వాటిలోని కొద్దిపాటి యురేనియం, థోరియం, పొటాషియం నిత్యం వేడిని విడుదల చేస్తూనే ఉంటాయి. పైపొర మందం పెరిగేసరికి ఆ వేడి బయటికి పోలేకపోయింది.

అయినా రాయి కరిగేంత వేడా? ఇక్కడే ఆ రాళ్లలోని అభ్రకం పని మొదలవుతుంది. మన గూడూరు గనుల్లో దొరికే తెల్ల అభ్రకం లాంటిదే ఇది. కిలో అభ్రకం తన నిర్మాణంలో 40 గ్రాములకు పైగా నీటిని దాచుకుంటుంది. బాగా వేడెక్కి అభ్రకం విడిపోతే ఆ నీరు చుట్టూ ఉన్న రాయిని సులువుగా కరిగిస్తుంది. కంసాలి మూసలో బంగారం కరగడానికి 1,064 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఈ రాయికి 700 దాటితే చాలు.

కరిగిన రాయిని శిలాద్రవం అంటారు. పది లీటర్ల బకెట్ నిండా గట్టిరాయి 27 కిలోలు తూగితే, ఈ ద్రవం 24 కిలోలే. తేలిక కాబట్టి పైకి వస్తుంది. పర్వతాల ఒత్తిడి కూడా తడిబట్టను పిండినట్టు దాన్ని పిండుతుంది.

అంత ద్రవానికి లోపల చోటెక్కడిది? ఒక్కసారిగా పెద్ద గుహ తెరుచుకోలేదు. నిలువు పగుళ్ల గుండా విడతలు విడతలుగా ఎక్కి, మడతకాజా పొరల్లోకి పాకం దిగినట్టు రాతి పొరల మధ్య అడ్డంగా పరుచుకుంది. నిలువుగా గట్టిపడినదాన్ని డైక్ అని, పొరల మధ్య పరుచుకున్నదాన్ని సిల్ అని పిలుస్తారు. ఇలా సిల్ మీద సిల్ చేరి కొండంత గ్రానైటు అయింది.

శివలింగ్‌లో కనిపించే ఈ గంగోత్రి గ్రానైటు వయసు సుమారు 2.3 కోట్ల ఏళ్లు. హైదరాబాద్ బండలది దాదాపు 250 కోట్లు. వందేళ్ల ముత్తవ్వ ఒడిలో ఏడాది పసిపాప లాంటిదన్నమాట.

లోపలి రాయి బయటికెలా వచ్చింది? పది కిలోమీటర్ల లోతున గట్టిపడిందనుకుంటే, పైనున్నదంతా ఈ 2.3 కోట్ల ఏళ్లలో అరిగిపోవాలి. లెక్కేస్తే ఏడాదికి అర మిల్లీమీటరు కూడా కాదు. మన గోరు నాలుగైదు రోజుల్లో పెరిగేంత. ఆ అరిగిన మట్టిని గంగ బంగాళాఖాతానికి మోస్తూనే ఉంది.

ఈసారి అటు వెళితే ఏటి ఒడ్డున ఒక తెల్లరాయిని దగ్గరగా చూడండి. తెల్లటి పలుకుల మధ్య నల్లని సూదులు టూర్మలీన్, ఎర్రచుక్కలు గార్నెట్, మెరిసే రేకులు అభ్రకం. తరవాత దగ్గర్లోని భగీరథి శిఖరాల వైపు చూడండి. మూడో శిఖరంలో కింద తెల్ల గ్రానైటు, పైన నల్లరాతి టోపీ. ఆ నలుపే శిలాద్రవం చొరబడిన పాత పైకప్పు.