చిన్నప్పుడు మూడు భాషలు... పెద్దయ్యాక ఒక్కటీ ఎక్కదేం? గుట్టు మెదడులోని ‘వల’లో ఉందా?

కుప్పంలో ఏ బడి దగ్గరైనా కాసేపు నిలబడి వినండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లోడు పక్కింటి స్నేహితుడితో తమిళంలో పోట్లాడతాడు. కోలారు నుంచి చుట్టాలొస్తే టక్కున కన్నడంలోకి మారిపోతాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు. అదే ముప్పై ఏళ్లకి ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చిన వాళ్లు యాప్ వేసుకుని కుస్తీ పట్టినా, తమిళ ‘వాళైపళం’ దగ్గర నాలుక మడత పడక తిప్పలు పడతారు.

మాది మదనపల్లె. పుంగనూరు దాటి పడమటికెళ్తే కన్నడం, కుప్పం వైపు దిగితే తమిళం చెవిన పడే ప్రాంతం. మూడు భాషలూ కలిసే చోటు కాబట్టే ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో కుప్పానికి వచ్చింది. మరి చిన్నప్పుడు అంత సులువుగా అబ్బేది పెద్దయ్యాక ఎందుకు మొండికేస్తుంది?

ఏడాదిలోపే మొదలు

కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు హిందీ ‘ట’, ‘త’ వినిపించారు. 6-8 నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టేశారు. 10-12 నెలలొచ్చేసరికి ఎక్కువమంది పట్టలేకపోయారు. మనకు ‘తాత’ వేరు, ‘టాటా’ వేరు. రోజూ ఆ తేడా వినని చెవికి రెండూ ఒకటే అయిపోతాయన్నమాట. నేర్చుకోవడానికి తెరుచుకుని, తర్వాత మెల్లగా మూసుకునే ఇలాంటి సమయాన్ని ‘క్రిటికల్ పీరియడ్’ అంటారు.

కణాల మధ్య ఏముంది?

మెదడంటే న్యూరాన్లే గుర్తొస్తాయి. కానీ మెదడు ఘనపరిమాణంలో సుమారు ఐదో వంతు కణాల మధ్య ఉండే జాగానే. అందులో ద్రవంతో పాటు చక్కెర గొలుసులు, ప్రొటీన్లు అల్లుకున్న జిగురు పదార్థం ఉంటుంది. పేరు ఎక్స్‌ట్రా సెల్యులార్ మ్యాట్రిక్స్. ఫేస్ సీరమ్‌లో చూసే హయలురోనిక్ యాసిడ్, మోకాళ్ల నొప్పుల మాత్రల్లో ఉండే కొండ్రాయిటిన్ జాతి పదార్థాలు ఇక్కడా ఉంటాయి. (సీరమ్ పూసుకుంటే తెలివి పెరుగుతుందని ఎవరైనా రీల్ పెడితే మాత్రం నమ్మకండి!)

బిడ్డ కడుపులో ఉన్నప్పుడే దీని పని మొదలవుతుంది. ఇందులోని రీలిన్ అనే ప్రొటీన్, కొత్తగా పుట్టిన న్యూరాన్లు సరైన పొరకు చేరడానికి సాయపడుతుంది. రీలిన్ లేని ఎలుకల్లో మెదడు పొరలు తారుమారై, అవి తూలుతూ నడుస్తాయి.

బాల్యంలో ఇదే పదార్థం కొన్ని న్యూరాన్ల చుట్టూ గట్టి వలలా బిగుసుకుంటుంది. వీటిని పెరిన్యూరోనల్ నెట్స్ అంటారు. ఇటలీ శాస్త్రవేత్త గాల్జీ 19వ శతాబ్దం చివర్లోనే వీటిని వర్ణించారు. 1906లో ఆయనతో నోబెల్ పంచుకున్న కహాల్ మాత్రం అది రంగులద్దడంలో వచ్చిన మరక అని కొట్టిపారేశారు!

వల విప్పితే?

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఈ వల ఒక కోడ్ ఫ్రీజ్. బాగా పనిచేస్తున్న కనెక్షన్లను ఇక కదిలించొద్దని తాళం వేస్తుంది. 2002లో ఇటలీ పరిశోధకులు పెద్ద ఎలుకల మెదడులో, చూపుకు సంబంధించిన చోట, ఒక ఎంజైమ్‌తో ఈ వలను కరిగించారు. పసితనంలో మాత్రమే ఉండే మార్పు గుణం మళ్లీ వచ్చింది. చిన్నప్పుడు మందగించిన చూపు కూడా పెద్ద ఎలుకల్లో మెరుగుపడిందని 2006లో తేలింది.

అయితే మనమూ వల తీసేసుకుందామా? ఆగండి. 2009లో ఎలుకల మెదడులో భయానికి సంబంధించిన చోట వల కరిగిస్తే, ఆ తర్వాత ఏర్పడిన భయం జ్ఞాపకాలు చెరిపేయడానికి వీలుగా మారాయి. అంటే ఈ వల మన జ్ఞాపకాలకు కాపలా కూడా. మనుషుల్లో భాషకూ ఈ వలకూ ఉన్న లంకె ఇంకా నేరుగా రుజువు కాలేదు.

ఇంట్లో పిల్లలుంటే...

చూపు విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. ‘లేజీ ఐ’ ఉన్న బిడ్డ ఒక కంటితోనే సరిగ్గా చూస్తున్నా బయటికి తెలియదు. ఎందుకంటే రెండో కన్ను పని నడిపించేస్తుంది. అద్దాలతో, బాగున్న కంటికి ప్యాచ్ వేసి చేసే చికిత్స ఏడేళ్లలోపు మొదలైతే ఫలితం బాగుంటుంది. అందుకే బడిలో వేసేముందే ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి. ‘పెద్దయితే అదే పోతుందిలే’ అనుకోవద్దు.

భాషకైతే ఖర్చే లేదు. అవ్వ తమిళం మాట్లాడితే మాట్లాడనివ్వండి, పక్కింటి ఆంటీ కన్నడం మాట్లాడినా సరే. బిడ్డ కన్ఫ్యూజ్ అవుతుందేమోనని ఆపకండి. ఇక మన సంగతంటారా? పెద్దయ్యాక తలుపు పూర్తిగా మూసుకుపోదు, కాస్త గట్టిగా నెట్టాలంతే. ‘ళ’ సరిగ్గా పలక్కపోయినా పర్లేదు, అరటిపండు ఇస్తారు!