జనవరి దూది, ఏప్రిల్ ఆవిరి

పత్తి సీజన్లో నాందేడ్ జిల్లాలోని ఏ జిన్నింగ్ మిల్లు యార్డులోకి వెళ్లినా తెల్లటి గుట్టలు, వాటి మధ్య ముందుకీ వెనక్కీ తిరిగే ఒక పాత ట్రాక్టరు కనిపిస్తాయి. ట్రాక్టరు ముక్కుకు ఇనుప బకెట్ బిగించి ఉంటుంది. పత్తిని నెట్టడం, ఎత్తడం, మళ్లీ నెట్టడం, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఇదే పని. సీజన్ అయిపోయాక అదే లోడరు మట్టి పనికో ఇసుక పనికో పోతుంది. అక్కడ ఏప్రిల్ ఎండలో, ఒక మధ్యాహ్నం, రేడియేటర్ మూత దగ్గర బుస్సుమని ఆవిరి లేస్తుంది. డ్రైవరు ఇంజను ఆపి దిగి "గరమైంది" అంటాడు. ఇక్కడ ధర్మాబాద్ దాటితే బాసరే, రెండు భాషలూ కలిసే చోటు. "గరమైంది" అన్న మాట తెలుగువాళ్లకీ మరాఠీవాళ్లకీ వేరుగా చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత జరిగేది నాకు బాధ కలిగిస్తుంది. చాలాచోట్ల మొదటి మాటే "హెడ్డు విప్పాలి" అని వస్తుంది. రెండు రోజుల పని, గ్యాస్కెట్ ఖర్చు, కూలి. అన్నీ బిగించాక మళ్లీ అదే ఆవిరి. వేడి ఎక్కడ పుట్టి, ఏ దారిన బయటికి పోవాలో ఒకసారి మనసులో గీసుకుంటే ఈ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది. ఆ దారి ఎలా ఏర్పడిందో తెలిస్తే గీసుకోవడం ఇంకా తేలిక.

డీజిల్‌లో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలకూ హైడ్రాలిక్ పంపుకూ అందుతుంది. మరో మూడో వంతు పొగతోపాటు సైలెన్సర్‌లోంచి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఇంజను చుట్టూ తిరిగే నీళ్లలోకి దిగుతుంది. 50 హార్స్‌పవర్ ఇంజను పూర్తి లోడు మీద ఉంటే రేడియేటర్ వదిలించుకోవలసిన వేడి, ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు డజను ఒకేసారి వేసినంత. అది క్షణక్షణం బయటికి పోతూ ఉండాల్సిందే.

మొదటి ఇంజన్లు ఈ పనిని నీళ్లు తగలేసి చేసేవి. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో సిలిండర్ చుట్టూ నీళ్లు మరిగి ఆవిరైపోతుంటే, ఎప్పటికప్పుడు మళ్లీ పోసుకోవాల్సి వచ్చేది.  

1900 ప్రాంతంలో జర్మనీలో ఇంజనీరు విల్‌హెల్మ్ మైబాఖ్ ఈ చిక్కుకు ఒక దారి కనిపెట్టాడు. ఆయన తయారుచేసి, 1901లో నీస్ నగరపు పందేల్లో అందరి కళ్లూ తనవైపు తిప్పుకున్న 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కారు ముందు భాగంలో తేనెపట్టు లాంటి రేడియేటర్ ఉంది. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 కలిపి అతికిన పెట్టె అది. గొట్టాల్లోంచి గాలి పోతుంది, వాటి మధ్య సందుల్లో నీళ్లు పారుతాయి. వెనక ఒక ఫ్యాను. దీంతో 9 లీటర్ల నీళ్లతోనే ఆ కారు నడిచింది. అవే నీళ్లు తిరిగి తిరిగి వచ్చేవి, మరిగిపోయేవి కావు. నీళ్లు వేడిని మోసే కూలీలు మాత్రమే, దాన్ని చివరికి తీసుకునేది గాలి. మైబాఖ్ గొప్పతనం అంతా ఆ గాలికి చోటివ్వడంలోనే ఉంది.

ట్రాక్టరులోకి వచ్చేసరికి ఆ గాలే కరువైంది. కారు పరుగెడితే గాలి దానంతట అదే వచ్చి కొడుతుంది. నాగలి లాగే ట్రాక్టరు గంటకు నాలుగైదు కిలోమీటర్లు కదిలితే ఎక్కువ. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరుకు వాటర్ పంపు కూడా లేదు. వేడి నీళ్లు తేలికై పైకి, చల్లబడ్డవి బరువై కిందికి, అలా తమంతట తామే తిరిగేవి. తర్వాత పంపు వచ్చింది, 1930ల్లో సెర్జియస్ వెర్నే ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం, అంటే మైనంతో పనిచేసే థర్మోస్టాట్ తెచ్చాడు. 1949లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టరుకు హైడ్రాలిక్ లోడరు తగిలించాడు. మన ఊళ్లలో తవ్వే యంత్రం ఏదైనా జేసీబీయే అనిపించుకునేది ఆయన పేరు మొదటి అక్షరాల వల్లే.

పాత ట్రాక్టరుకు లోడరు తగిలించినప్పుడు రేడియేటర్‌కు అవసరమైన మూడు సంగతులు చెడతాయి. బండి ఉన్నచోటే ముందుకీ వెనక్కీ ఆడుతుంది కాబట్టి ఎదురుగాలి ఉండదు. ఎత్తిన బకెట్ రేడియేటర్ ముఖానికి అడ్డంగా నిలుస్తుంది. పైగా ఆ బకెట్ లేపే దుమ్మంతా ఫ్యాను పీల్చుకునేది ఆ ముఖం గుండానే.

జిన్నింగ్ యార్డులో ఆ దుమ్ము దూది రూపంలో వస్తుంది. నూగులాంటి పోగులు రేడియేటర్ రెక్కల మధ్య చేరి నూనె చెమ్మతో అతుక్కుని అట్ట కడతాయి. జనవరిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే బయట చల్లగా ఉంటుంది. లెక్క వేసి చూడండి. నీళ్లు 90 డిగ్రీల దగ్గర, గాలి 20 దగ్గర ఉంటే తేడా 70. మే నెలలో నాందేడ్ గాలి 44కి వెళ్తే తేడా 46 మాత్రమే. రేడియేటర్ వదిలే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి, కొత్త రేడియేటర్ బలం కూడా మూడో వంతు తగ్గినట్టే. సగం మూసుకున్న రేడియేటర్ చలికాలంలో ఎలాగో నెట్టుకొచ్చి ఎండాకాలంలో చేతులెత్తేస్తుంది. అప్పుడు మట్టి పనిని తిడతాం. తప్పు మూడు నెలల కిందటిది.

అందుకే వెతకడం బయటి నుంచి లోపలికి సాగాలి. ముందు ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మూత తిప్పితే ముఖం కాలుతుంది. వేడి ఇంజను మీద చల్లటి నీళ్లు కొడితే హెడ్డు పగులుతుంది. చల్లారాక నీళ్లు ఎంత ఉన్నాయో చూడాలి. మీటరు ముల్లు మామూలుగా ఉందని నమ్మడానికి లేదు. దాని బల్బు నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది, నీళ్లు దానికంటే కిందికి దిగితే ఇంజను కాలిపోతున్నా ముల్లు కింద ఉండొచ్చు. తర్వాత ఫ్యాన్ బెల్టు. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి, అంతకంటే ఎక్కువ దిగితే జారుతోందన్న మాట. జారే బెల్టుతో ఫ్యానూ, దానితో తిరిగే వాటర్ పంపూ రెండూ మందగిస్తాయి.

రేడియేటర్ మూతను చాలామంది ఒట్టి బిరడా అనుకుంటారు. అది ఒత్తిడి పట్టి ఉంచుతుంది. నాందేడ్ సముద్రమట్టానికి సుమారు 360 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ తెరిచి ఉన్న నీళ్లు 99 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరుగుతాయి. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత సరిగ్గా ఉంటే 110 దాకా మరగవు. రబ్బరు ఎండిపోయిన మూత ఆ పది డిగ్రీల వెసులుబాటును తినేస్తుంది. తక్కువ ధరలో దొరికే వస్తువే, అన్నిటికంటే ముందు మార్చి చూడదగ్గదీ అదే.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మారుమూల పని దగ్గర చేతికి దొరికే బోరు నీళ్లు పోస్తారు. నల్లరాతి నేలల్లో అవి తరచు ఉప్పు నీళ్లే. వేడెక్కినప్పుడల్లా తెల్లటి పొర లోపల పేరుకుంటుంది. సున్నపు పొర వేడిని ఎంత మొండిగా ఆపుతుందంటే, ఒక మిల్లీమీటరు పొర రెండు మూడు సెంటీమీటర్ల పోత ఇనుమంత అడ్డు. అంటే బయటి నుంచి మెరిసిపోయే రేడియేటర్ కూడా లోపల నోరు మూసుకుని ఉండొచ్చు. పరీక్ష తేలిక. బండి వేడయ్యాక ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రేడియేటర్ ముఖం మీద పైనుంచి కిందికి చూస్తే పూడిన గొట్టాల దగ్గర అకస్మాత్తుగా చల్లటి మచ్చలు దొరుకుతాయి. కూలెంటు కలిపిన మంచి నీళ్లు పోయడమే దీనికి సరైన నివారణ, ఖర్చని వెనకాడకూడదు.

థర్మోస్టాట్ వేడి చేస్తోందని తీసి పారేసే అలవాటు మన వైపు బాగా ఉంది. నేను దీన్ని ఒప్పుకోను. అనుమానం ఉంటే గిన్నెలో నీళ్లు పెట్టి అందులో వేలాడదీసి మరిగించండి. 80 డిగ్రీల దరిదాపుల్లో కవాటం తెరుచుకుంటే అది బాగున్నట్టే. తీసేస్తే కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండా అడ్డదారిన వెనక్కి తిరిగిపోతాయి, వేడి ఇంకా పెరుగుతుంది. మరికొన్నింట్లో శీతాకాలం పొద్దున ఇంజను వేడెక్కక లైనర్లు అరుగుతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆవిరి ఆగకపోతే అప్పుడు హెడ్డు మీదకు వెళ్లాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్టు చేసి చూడండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్లోని పొగ నీళ్లలోకి చొరబడుతోందని అర్థం. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు ఆయిల్లో కలిశాయని అర్థం. ఆ రెంటిలో ఏదైనా కనిపిస్తేనే స్పానరు తియ్యాలి.

ఒక సంగతి యంత్రం చేతిలో లేదు, డ్రైవరు చేతిలో ఉంది. బకెట్ చివరిదాకా లేచాక కూడా లీవరు పట్టుకుని ఉంటే హైడ్రాలిక్ ఆయిలు రిలీఫ్ వాల్వు గుండా తన్నుకుపోతుంది. ఆ క్షణంలో పంపు చేసే పనంతా వేడిగా మారుతుంది, ఇంజను ఊరికే మూలుగుతుంది. లీవరు వదిలేస్తే సరిపోతుంది.

శుభ్రం చేసేటప్పుడు ఫ్యాను వైపు నుంచి ముందుకు, అంటే గాలి పోయే దిశకు ఎదురుగా, నెమ్మదైన నీటి ధారతో కొట్టాలి. ముందు నుంచి గట్టిగా కొడితే దూది ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు వంగిపోతాయి. జనవరి సాయంత్రం పని ముగిసి, యార్డులో చీకటి పడ్డాక ఇంకో పని ఉంది. ఫ్యాను వెనక ఒకరు టార్చి పట్టుకోవాలి, ఇంకొకరు ముందు నిలబడి రేడియేటర్‌లోంచి చూడాలి. వెలుగు చుక్కలు చుక్కలుగా ఎక్కడ కనిపిస్తే అక్కడ గాలికి దారి ఉంది. నల్లగా ఉన్నచోట దూది ఉంది.