లేచి వెళ్లినవాడి ఖర్చు

రండర్రా, గాలి చల్లగా తోలుతోంది, ఇలా అరుగు మీద కూర్చోండి. పొద్దున మీరు వేరుశనక్కాయలు ఒలిచారు చూడండి, అందులో ఓ పెద్ద లెక్కుంది. ఫ్యాక్టరీల్లో కాస్ట్ అకౌంటెంట్లు ఏడాది పొడుగునా వేసే లెక్క అది.

ముందు కూలి సంగతి. రోజుకు 8 గంటల పని, 800 రూపాయల కూలి. గంటకెంత? వంద అంటారు. కానీ బస్తా రాక ఓ గంట చేతులు ముడుచుకు కూర్చున్నారనుకోండి. కూలి 800 ఇవ్వాల్సిందే, పని జరిగింది ఏడు గంటలే. అప్పుడు పని గంట 114 రూపాయల పైచిలుకు పడినట్టు. ఊరికే పోయిన ఆ గంటే 'ఐడిల్ టైమ్'. యజమాని కట్టే పీఎఫ్ వాటా, జీతంతో ఇచ్చే సెలవులు కూడా ఆ గంట ఖర్చుకు కలుపుకోవాలి. బియ్యంలో రాళ్లూ వడ్లూ ఏరేశాకే కదమ్మా, కిలో మనకి నిజంగా ఎంతకు పడిందో తెలిసేది!

ఇక మన గంప దగ్గరికి వద్దాం. పదిమంది కూర్చున్నారు. నలుగురు గోళీలాటకు పరుగెత్తారు, వాళ్ల చోట్లో ఇంకో నలుగురు చేరారు. మీ నాయనమ్మ గుమ్మంలోంచి చూసి, 'పదిమందీ ఉన్నారు' అనుకుంది. కానీ గంప చూస్తేనో! కొత్తవాళ్లు పప్పు చిదిపేశారు, తొక్కలు కలిపేశారు. వాళ్లకి నేర్పుతూ పెద్దపిల్ల తన పని ఆపేసింది. కొత్త ఎద్దు కాడికి అలవాటు పడేదాకా చాలు వంకరగానే పోతుంది, పక్కనున్న పాత ఎద్దుకీ నడక కుదరదు. దాని తప్పేం లేదు, పని ఒంటపట్టాలి కదా.

ఈ రాకపోకల లెక్కే 'లేబర్ టర్నోవర్'. మొదట ఉన్నవాళ్లనీ చివర ఉన్నవాళ్లనీ కలిపి సగం చేస్తే సగటు. వెళ్లినవాళ్లని ఆ సగటుతో భాగించి నూటితో హెచ్చించండి. మన గంపకి నలుగురిని పదితో భాగిస్తే 40 శాతం. తలలు లెక్కపెడితే కనపడనిది ఇందులో కనపడుతుంది, అదే దీని అందం.

అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో 1913లో ఇది 370 శాతం! సుమారు 14 వేల మంది పని నడవాలంటే ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ఎందుకు వెళ్లిపోయారంటారా? కదిలే అసెంబ్లీ లైను ముందు నిలబడి రోజంతా ఒకటే పని, ఊపిరి సలపని వేగం. విసుగెత్తదూ!

1914 జనవరి 5న ఫోర్డ్ కంపెనీ ఓ ప్రకటన చేసింది. రోజుకు 2.34 డాలర్లున్న కూలి 5 డాలర్లవుతుంది, 9 గంటల పని 8 గంటలవుతుంది. కంపెనీ పెట్టిన షరతులకు లోబడినవాళ్లకే ఆ 5 డాలర్లు, అదీ చెప్పుకోవాలి. ఆ ఏడాది టర్నోవర్ 54 శాతానికి దిగింది, 1915లో 16కి. కూలి పెరిగితే ఖర్చు పెరిగినట్టే కనపడుతుంది. కానీ రోజూ కొత్తవాణ్ణి వెతకడం, నేర్పడం, వాడు పాడుచేసిన సరుకు, ఇవన్నీ తగ్గాయి. మనిషిని నిలుపుకోడానికి పెట్టేది ఒక ఖర్చు, పోయినవాడి చోట్లో ఇంకొకణ్ణి నిలబెట్టడానికయ్యేది ఇంకో ఖర్చు. రెండూ పక్కపక్కన పెట్టి తూచాలి.

పనితనం చిట్టాలో ఉండదర్రా, వేళ్లలో ఉంటుంది. మనిషి లేచి వెళితే ఆ వేళ్లూ వెళ్లిపోతాయి.

అందుకే రేపు కాయలు ఒలిచేముందే మీ నాయనమ్మ చేత పల్లీ ఉండలు చుట్టిస్తాను. చివరిదాకా కూర్చున్నవాళ్లకి తలా రెండు. బెల్లం ఖర్చవుతుంది, నిజమే. గంపలో పప్పు మాత్రం గింజ చెదరకుండా ఉంటుంది.