ఆటిజం ఉన్న బిడ్డల తల్లిదండ్రులకు సంఘం ఏం చేయగలదు?

ప్రతి ఏటా ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు పిల్లల గురించి చాలా మాట్లాడుకుంటాం. వారిని రాత్రింబవళ్లు చూసుకునే తల్లిదండ్రుల గురించి మాట్లాడేది తక్కువ. ఈ వారం వారి గురించి ఆలోచిద్దాం.

ఆటిజం మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయి, కొందరికి రావు. పిలిస్తే పలకకపోవచ్చు. పెద్ద శబ్దాన్ని, గుంపును భరించలేకపోవచ్చు. రోజూ జరిగే పద్ధతి కాస్త మారినా తల్లడిల్లిపోవచ్చు. ఏ ఇద్దరు పిల్లల్లోనూ ఇది ఒకేలా ఉండదు.

ఈ పిల్లల తల్లిదండ్రుల మీద ఒత్తిడి మిగతా తల్లిదండ్రుల కంటే ఎక్కువని అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. డౌన్ సిండ్రోమ్ వంటి ఇతర వైకల్యాలున్న పిల్లల తల్లిదండ్రులతో పోల్చినా వీరి ఒత్తిడే ఎక్కువగా కనిపించింది. కారణాలు ఊహించలేనివి కావు. బిడ్డ సరిగా నిద్రపోకపోతే అమ్మకూ నిద్ర ఉండదు. తలుపు తీసి ఉంటే బిడ్డ రోడ్డు మీదికి పరుగెత్తుతాడేమోనని క్షణం కన్ను మరల్చలేరు. థెరపీకి తిప్పడానికి ఇద్దరిలో ఒకరు, చాలాసార్లు తల్లే, ఉద్యోగం మానుకుంటారు. అంటే ఖర్చు పెరిగిన ఇంట్లోనే రాబడి తగ్గుతుంది. వీటన్నిటి వెనుక 'మా తర్వాత వీడిని ఎవరు చూస్తారు?' అనే దిగులు ఉంటుంది.

దీనికి తోడు నింద. ఆటిజం ముఖంలో కనిపించదు. అందుకే కింద పడి ఏడుస్తున్న బిడ్డను చూసి, 'గారాబం చేసి చెడగొట్టారు' అనేస్తాం. ఒకప్పుడు చదువుకున్నవారూ ఇదే పొరపాటు చేశారు. తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే ఆటిజం వస్తుందని అమెరికాలో బ్రూనో బెటెల్‌హైమ్ వంటివారు ప్రచారం చేశారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో వెలువరించిన పుస్తకంలో ఆ వాదాన్ని గట్టిగా ఖండించారు. ఆయన కుమారుడికీ ఆటిజం ఉంది. తల్లిని దోషిగా నిలబెట్టిన ఆ వాదం శాస్త్రం ముందు నిలవలేదు.

మన మధ్య ఆ నింద వేరే రూపంలో వస్తుంది. 'ఏ పాపం చేశారో', 'మీ విశ్వాసం చాలడం లేదు' అంటారు. పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు అడిగినదీ ఇదే. పాపం అతనిది కాదు, అతని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చి చెప్పిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో చదువుతాం. బిడ్డ కోసం తప్పక ప్రార్థిద్దాం. కానీ ప్రార్థన పేరుతో థెరపీ గానీ మందులు గానీ మాన్పించవద్దు.

ఒత్తిడిని తగ్గించేవాటిలో తోటివారి ఆదరణ ముఖ్యమైనదని పరిశోధకులు అంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నారన్నదాని కంటే, 'అవసరానికి నాకు ఒకరున్నారు' అనే నమ్మకం ఎక్కువ మేలు చేస్తుంది. ఆ నమ్మకం చిన్న పనుల వల్లే కలుగుతుంది.

ఆదివారం ఆరాధనలో స్పీకర్ల శబ్దం ఆ బిడ్డకు నొప్పిలా తగలవచ్చు. శబ్దం కొంత తగ్గిద్దాం. తలుపు దగ్గర, స్పీకరుకు దూరంగా ఆ కుటుంబానికి చోటు ఉంచుదాం. వీలైతే పక్క గది ఒకటి తెరిచి ఉంచుదాం. బిడ్డ లేచి తిరిగితే వెనక్కి తిరిగి చూడవద్దు. 'అక్కా, వచ్చే వారం బాబు దగ్గర నేను కూర్చుంటాను, మీరు వాక్యం వినండి' అని ఒకరు ముందుకు రావాలి. అయితే ఆ బిడ్డకు ఏది నచ్చుతుందో, ఏది భయపెడుతుందో ముందే తల్లిని అడిగి తెలుసుకోవాలి. సండే స్కూల్ టీచర్లకూ ఇదే వర్తిస్తుంది.

సమాచారం అందించడమూ సాయమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యంగా గుర్తించింది. ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసుకోవచ్చు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు, కొన్ని పరిమితులతో థెరపీకి సాయం అందుతుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుని నియమించే స్థానిక కమిటీలో జిల్లా కలెక్టరు ఉంటారు. 'మా తర్వాత ఎవరు?' అనే ప్రశ్నకు ఇది కొంత జవాబు. సికింద్రాబాద్‌లోని నీపిడ్ జాతీయ సంస్థలో మేధోవైకల్యం ఉన్న పిల్లలకు సేవలు లభిస్తాయి. ఈ దరఖాస్తులు నింపడానికి, కార్యాలయాలకు తోడు వెళ్లడానికి సంఘ యువకులు ఒక పూట కేటాయించగలరు. తల్లిదండ్రులు మరీ కుంగిపోతే 14416కు ఫోన్ చేయమని చెప్పండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ.

ఒకప్పుడు ప్రతి వారం వచ్చి, బిడ్డ పుట్టాక కొన్నేళ్లకు కనిపించకుండా పోయిన కుటుంబం మీ సంఘంలో ఉందా? ఎందుకు రావడం లేదని నిలదీయవద్దు. వారికి వీలైన వేళ కనుక్కుని ఇంటికి వెళ్లండి. సలహాలు చెప్పకుండా కాసేపు వినండి. తిరిగి వచ్చేముందు, ఈ వారం ఏ పనిలో సాయం కావాలో అడగండి.