బియ్యము నిండుకొన్నవి

మిర్యాలగూడలో బియ్యపు మిల్లుల పొగగొట్టములు కనబడునట్టి ఒక వీధిలో, ఏడేండ్ల బాలుడొకడు నాయనమ్మ చెంగు పట్టుకొని వంటింట నిలుచున్నాడు. ఆమె డబ్బా మూత తీసి చూచి, "బియ్యం నిండుకున్నయి బిడ్డా" అన్నది. బాలుడు తొంగిచూచెను, అడుగున గుప్పెడు గింజలు తప్ప మరేమియు లేదు. "నిండలే" అనెను. ఆమె నవ్వి, ఆ మాటయే మరల అన్నది. "నిండలే, నిండలే" యని వాడు చెవులు మూసికొని నేలపై కూలబడి ఏడ్వసాగెను. ఇంటివారు దానిని మొండితన మనిరి. పొరుగువారు గారాబ మనిరి. ఇట్టి బాలురు సూర్యాపేటలోను, కోదాడలోను, మిర్యాలగూడలోను అనేకులు కలరు. వారినందరిని ఒక్కనిగా కూర్చి చెప్పుచున్నాను.

వాడు పలికినది అక్షరాల సత్యము. ధాన్యము లేదను మాట ఇంట వినబడరాదని మన పూర్వులు లేమినే పూర్ణతగా పలికిరి. దీపము నార్పుటను ఘనము చేయుట యనిరి. మంగళసూత్రము తెగినచో పెరిగిన దనిరి. గడప దాటువాడు "పోత" అనడు, "పోయొస్త" అనును. వచ్చినవానిని "తిన్నవా?" అని అడుగుటలో ఎంత ప్రశ్నయో ఎంత పలకరింపో అడిగిన వేళను, కంఠమును, ముఖమును బట్టి వినువాడే తెలిసికొనవలయును. ఆంగ్ల తత్త్వవేత్త పాల్ గ్రైస్ 1967లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నుపన్యసించుచు, మనుష్యులు సంభాషించునపుడు పలికినదాని కన్న పలుకనిదే అధికముగా గ్రహింతురనియు, ఎదుటివాడు తనతో సహకరించుచున్నాడను నమ్మికయే ఆ గ్రహణమునకు మూలమనియు ప్రతిపాదించెను. మన నాయనమ్మలు ఆ శాస్త్రమును చదువకయే దానిని నిత్యము ఆచరించుచున్నారు. చాలమంది బిడ్డలు దీనిని ఎవరును నేర్పకుండగనే నేర్చికొందురు. కొందరికి మాత్రము వ్యాకరణమంతయు వచ్చియు ఈ పలుకని భాగము అందదు.

మన యిండ్లలో బిడ్డకు మాట ఆలస్యమైనచో మొదట తలచునది వసకొమ్ము. వాచాలుని వసపిట్ట యని పిలుచుట దాని మహిమపై మనకు గల నమ్మకమునకు సాక్ష్యము. పసిబిడ్డలకు వస తినిపించుట క్షేమము కాదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. నాలుక క్రింది నరము కోయించిన మాట వచ్చునని కొందరును, తండ్రికిని నాలుగేండ్లకే వచ్చినది గదా యని కొందరును కాలము గడుపుదురు. మొదట చేయింపవలసినది వినికిడి పరీక్ష. చెవి వినుచున్నదని తేలిన తరువాతనే తక్కిన విచారణ. అప్పుడు కూడ "మాటలెన్ని వచ్చినవి?" అను ప్రశ్న చాలదు. పిలిచిన తిరిగి చూచుచున్నాడా? ఆకాశమున విమానము పోవుచుండగా వ్రేలు చూపి, తల్లి చూచినదో లేదో యని ఆమె ముఖము వంక చూచుచున్నాడా? ఇద్దరి చూపులు ఒకే వస్తువుపై కలిసికొనుట సంభాషణకు పునాది. ఇది సామాన్యముగా ఏడాది ప్రాయమునందే పడును.

1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు బాలల వృత్తాంతమును ప్రకటించి, ఆటిజమను పేరును ఇట్టి బాలల స్థితికి స్థిరపరచెను. ఆ బాలలలో కొందరు తమ్ము తాము "నీవు" అనుకొనుటను ఆయన గమనించెను. తెలుగున ఈ లక్షణము వేరొక చోట దాగియుండును. మనము "నేను", "నీవు" అను సర్వనామములను తరచుగా విడిచిపెట్టుదుము. కర్త యెవరో క్రియ చివర నుండు ప్రత్యయమే చెప్పును. కావున ఆకలిగొన్న బాలుడు తల్లి వద్దకు వచ్చి "అన్నం తింటవా?" అని అడుగును. ఆమె, తన్ను ఆదరించుచున్నాడని మురిసి, "నువ్వు తిను నాయనా" అనును. నిజమునకు వాడు ఆమె నిన్న తన్నడిగిన మాటను, ఆ అన్నపు గిన్నెతోను ఆ స్వరముతోను కలిపి మొత్తముగా దాచుకొని, నేడు తన ఆకలికి పేరుగా వాడుచున్నాడు. ఇట్లు విన్న మాటను తిరిగి పలుకుటను నిరర్థకమైన చిలుకపలుకుగా పూర్వము పరిగణించి, మాన్పింప యత్నించిరి. బ్యారీ ప్రిజంట్, జూడిత్ డుకన్ అను పరిశోధకులు 1981లో, విన్న వెంటనే తిరిగి పలుకు అట్టి పలుకులను సందర్భసహితముగా పరిశీలించి, వానిలో అడుగుట, ఒప్పుకొనుట, తన వంతు నిలుపుకొనుట మొదలగు ప్రయోజనములు కలవని నిరూపించిరి. ఆంగ్ల గ్రంథములు సర్వనామములను గమనింపుమని చెప్పును. మన స్పీచ్ థెరపిస్టులు క్రియాంతములను గమనింపవలయును. ఈ శాస్త్రమును మన నుడికారమున మరల వ్రాసికొనవలసి యున్నదని నేను గట్టిగా నమ్ముచున్నాను.

ఇక చికిత్స యెట్టిది? స్పీచ్ థెరపీ యనగా అద్దము ముందు కూర్చుండబెట్టి కకారగకారములు పలికించుట యని పలువురి తలంపు. ఉచ్చారణ దోషమునకు అదియు కలదు. మన బాలునికి కావలసినది అది కాదు. థెరపిస్టు నేలపై కూర్చుండును. బాలుడు బొమ్మ ఆటో చక్రమును త్రిప్పుచుండగా ఆమెయు మరియొక ఆటోను తీసికొని చక్రము త్రిప్పును. "ఇదేమి? రంగేమి?" అని ప్రశ్నలు కురిపింపదు, "ఆటో పోతున్నది" అని ఒక్క మాట పలికి, చాలసేపు ఊరకుండును. ఈ ఊరకుండుటయే ఆమె విద్యలో మిక్కిలి కష్టమైన భాగము. చూచుచున్న తండ్రికి రుసుము వృథా యగుచున్నట్లు తోచును. ఆ మౌనమునందే బాలుడు తలయెత్తి ఆమె వంక చూచును; ఆ చూపునకు ఆమె వెంటనే బదులు పలుకును. పిదప వంతులు, పిదప బొమ్మల కార్డులు, పిదప ఇతరుల మనసున నేమున్నదో చిన్న కథలుగా చెప్పుకొనుట. బొమ్మకార్డు ఇచ్చిన మాట ఇక రాదని తల్లులు భయపడుదురు; పరిశోధనలు ఆ భయమును సమర్థింపలేదు.

వారమున కొక గంట థెరపిస్టు వద్ద గడచును. తక్కిన కాలమంతయు ఇంటిదే. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గోవాలోను పాకిస్తానమునందలి రావల్పిండిలోను 65 మంది ఆటిజము గల బాలలను చేర్చుకొని, వారిలో కొందరి తల్లిదండ్రులకు నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తల చేతనే శిక్షణ యిప్పించిరి. తల్లి బిడ్డతో ఆడుకొనుటను వీడియో తీసి, ఆమెకే చూపి, బిడ్డ చొరవ చూపిన క్షణములను ఆమె చేతనే గుర్తింపజేయుట ఆ పద్ధతి. తల్లిదండ్రులు బిడ్డను అనుసరించి స్పందించుటయు, బిడ్డ తానుగా పలకరించుటయు అధికమైనవి. పెద్ద నగరములకు దూరముగా నుండువారికి ఇది గొప్ప వార్త.

ఏలయనగా దూరము మన జిల్లాలలో చికిత్సకు తొలి యడ్డంకి. బుద్ధిమాంద్యము గలవారి జాతీయ సంస్థ సికింద్రాబాదులో 1984లో వెలసినది. నేడు దాని పేరు మారినను, మనోవికాస్ నగర్ అన్న తెలియనివారు తక్కువ. సూర్యాపేట నుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ ఇంకను దూరము. కూలికి పోవు తల్లి ఒక గంట చికిత్సకై ఒక దినపు కూలిని, బస్సు చార్జీలను, బిడ్డ దారిలో బస్సు హారనుకు బెదరి ఏడ్చిన యేడుపును చెల్లింపవలయును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము బిడ్డలలో ఎదుగుదల లోపములను ముందుగా గుర్తించి జిల్లా కేంద్రమునకు పంపుటకు ఏర్పడినది. మండలములలో ప్రత్యేకావసరముల పిల్లలకై భవిత కేంద్రములు కలవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును, మాట భాషల వైకల్యమును, మానసిక వ్యాధిని గూడ తన 21 విభాగములలో చేర్చినది. పట్టణములలో ప్రైవేటు కేంద్రములు వెలయుచున్నవి. అందు చేరకముందు, భారతీయ పునరావాస మండలిలో నమోదైన సంఖ్యను థెరపిస్టును అడుగుట తల్లిదండ్రుల హక్కు, సంకోచింప బనిలేదు.

దామరచర్ల వైపు లంబాడీ తండాలలోని బిడ్డకు మరియొక చిక్కు. ఇంట గోర్ బోలి, వీధిలో తెలుగు, బడిలో ఆంగ్లము. మూడు భాషలే మాటను చెరచినవని, ఇంటిభాషను మానిపింపుమని సలహా యిచ్చువారు కలరు. ఈ సలహా క్రూరమైనది. బహుభాషలు ఆటిజమును కలిగింపవు, పెంపవు. ఇంటిభాషను తీసివేసిన బిడ్డకు నాయనమ్మయే దూరమగును.

ఈ విద్య ఆటిజము గల బాలలకే పరిమితము కాదు. ఆటిజమను మాటను తొలుత 1911 ప్రాంతమున స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయ్‌లర్ వాడినది స్కిజోఫ్రీనియా రోగులు తమలో తాము ముడుచుకొనిపోవుటను గూర్చియే. ఆ రెండును వేరువేరు స్థితులని నేడు స్పష్టము. అయినను రెంటను సంభాషణయే గాయపడును. మందులతో చెవిలోని గొంతులు అణగిన పిమ్మటను స్కిజోఫ్రీనియా గల యువకుని మాట పొడిగా, స్వరము చదునుగా మిగిలియుండవచ్చును; కిరాణా దుకాణమున గిరాకీ వేసిన చమత్కారము వానికి నిందగా తోచవచ్చును. మందు మానక, వైద్యుని పర్యవేక్షణలోనే, ఇట్టి సందర్భములను ముందుగా అభినయించి సాధన చేయించుటలో థెరపిస్టు తోడ్పడగలదు. ఇట్లే ఇంట గలగల మాటలాడి బడి గడప దాటగానే మూగవోవు బాలికది పొగరు కాదు, భయము. తరగతి ముందు నిలువబెట్టి "చెప్పు" అని గద్దించిన కొలది ఆ మౌనము గట్టిపడును. ఖాళీ తరగతిలో తల్లితో గుసగుసగా మొదలిడి, ఒక స్నేహితురాలిని, పిదప ఉపాధ్యాయినిని చేర్చుచు పోవలయును. మనోవ్యథ గలవారికి ప్రభుత్వపు టెలీమానస్ సంఖ్య 14416 ఎల్లవేళల అందుబాటులో నున్నది.

ఒక హెచ్చరిక మాత్రము చేయక తప్పదు. "నా కండ్లలోకి చూడు" అని గడ్డము పట్టి ముఖము త్రిప్పుట చికిత్స కాదు. కొందరికి కన్నులలోనికి చూచుచు వినుట బాధాకరము. ప్రక్కకు చూచినపుడే వారు చక్కగా వినగలరు. తానే ఆటిజము గల ఆంగ్లేయ పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో, అపార్థము ఇరువైపుల నుండియు కలుగునదే యని వాదించెను: వారు మనలను తెలిసికొనలేనంతగా మనము వారిని తెలిసికొనలేకున్నాము. డబ్బా చెంత ఆనాడు ఎవరెవరికి అర్థము కాలేదో యోచించినచో ఈ వాదము నిజమని తోచును.

ఆ నాయనమ్మ తరువాత మాట మార్చుకొన్నది. "బియ్యం నిండుకున్నయి" అని, వెంటనే డబ్బా వంచి చూపి, "అంటే ఒడిసినయి" అని చేర్చుట అలవాటు చేసికొన్నది. వాడు ఏడ్చుట మానెను. కొన్నాళ్ళకు ఆమె కన్న ముందుగా తానే "అంటే ఒడిసినయి" అనసాగెను. ఒకనాడు బడిలో వ్రాయుచు వ్రాయుచు ఆగి, పెన్నును రెండు మూడు మారులు విదిలించి, పంతులమ్మ బల్ల వద్దకు పోయి, ఆమె ముఖము వంక చూడకయే, "టీచర్, ఇంకు నిండుకున్నది" అనెను. తరగతి నవ్వినది. ఆమె నవ్వక, సొరుగు తెరచి, వేరొక పెన్ను తీసి వాని చేతికిచ్చెను.