విమానపు రెక్క పట్టు తప్పుట

విమానమును ఆకాశమున నిలుపునది ఇంజనే యని పెక్కుమంది తలంతురు. మేమును అట్లే తలచితిమి. ఇంజను ముందుకు నడుపును. బరువు మోయునవి రెక్కలు. రెక్క గాలిని క్రిందికి మళ్ళించును, గాలి ప్రతిగా రెక్కను పైకి నెట్టును. ముక్కు ఎత్తినకొలది ఈ బలము హెచ్చును. కాని దానికొక మేర కలదు.

కాలువగట్టు మెల్లగా వంగినచోట నీరు దాని నంటియే పారును. చటుక్కున తిరిగినచోట గట్టును వదలి సుడులు తిరుగును. రెక్క వాలు సుమారు 15 డిగ్రీలు మించినచో పైభాగమున గాలియు అట్లే విడిపోవును. మోయు బలము తగ్గి విమానము క్రుంగును. దీనినే స్టాల్ అందురు. ఇంజను ఆగకున్నను ఇది సంభవించును.

2009 జూన్ 1న రియో డి జనీరో నుండి పారిస్ పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానమున వేగము కొలుచు గొట్టములకు మంచు పట్టి అంకెలు తప్పినవి. చోదకుడు ముక్కు పైకెత్తెను. పడుచున్నను ఎత్తియే యుంచెను. ఇంజనులు పనిచేయుచుండగనే, సుమారు 38,000 అడుగుల ఎత్తునుండి మూడున్నర నిమిషములలో అది అట్లాంటిక్ సముద్రమున కూలినది. 228 మంది మరణించిరి.

ముక్కు దించి, గాలి మరల రెక్క నంటునట్లు చేయుటయే దీనికి ఉపాయము. నేలవైపు పడుచు నేలవైపే ముక్కు త్రిప్పుటకు మనసొప్పదు. కావుననే ఆ ప్రమాదము పిమ్మట చోదకుల శిక్షణలో ఈ అభ్యాసమునకు ప్రాధాన్యము హెచ్చినది.